నెపోలియన్ మంచోడా చెడ్డోడా? పదో తరగతి అమ్మాయికి ఏం చెప్పాలి?

పటమట నాన్న:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా అమ్మాయి పదో తరగతి. సోషల్‌లో యూరప్ జాతీయవాదం పాఠంలో నెపోలియన్ గురించి కొంచెం ఉంది. రాచరికాన్ని మళ్ళీ తెచ్చి ప్రజాస్వామ్యాన్ని నాశనం చేశాడంటారు, ఆ వెంటనే పరిపాలనని మాత్రం పద్ధతిగా, సమర్థంగా మార్చాడంటారు. రాత్రి అన్నం తింటూ "నాన్నా, ఇంతకీ ఈయన మంచోడా చెడ్డోడా" అని అడిగింది. నేను బీకామ్, నాకు తెలిసిందల్లా వాటర్లూలో ఓడిపోయాడన్నదే. ట్యూషన్ మాస్టారేమో రెండు పాయింట్లు బట్టీ పట్టించండి, మార్కులొస్తాయి, చాలు అన్నారు. మార్కుల సంగతి సరే, నాకే తెలుసుకోవాలనిపిస్తోంది. ఏలింది పట్టుమని పదిహేనేళ్ళు, చివరికి ఓడిపోయి ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పోయాడు, అలాంటివాడి గురించి రెండొందల ఏళ్ళ తర్వాత బెజవాడలో పిల్లలు ఎందుకు చదవాలి? ఏం మిగిల్చి పోయాడు? మనకీ ఆయనకీ ఏమైనా సంబంధం ఉందా? టిప్పు సుల్తాన్‌కి ఉత్తరం రాశాడంటారు, నిజమేనా? లింకులు వద్దండీ, అవి నేనూ చూశాను, యుద్ధాల పేర్లు తప్ప ఏమీ ఎక్కలేదు.

బ్రాడీపేట ప్లీడరు:
యుద్ధాల పేర్లు ఎక్కకపోతే నష్టం లేదండీ. ఆయన అంత కొట్టుకుని గెలిచిన నేలలో ఫ్రాన్స్‌కి దక్కింది ఏమీ లేదు. 1815లో ఆయన్ని దించేసి గీత గీస్తే, ఆయన గద్దెనెక్కినప్పటి కన్నా దేశం చిన్నదే అయింది. మిగిలిందంతా కాగితాల మీద మిగిలింది. నేను గుంటూరులో చాలా ఏళ్ళుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను కాబట్టి నా కంటికి ఆ కాగితాలే ముందు కనపడతాయి, ఆ పక్షపాతం ఉందనుకునే చదవండి.

విప్లవానికి ముందు ఫ్రాన్స్ మొత్తానికీ ఒకే చట్టం లేదు. దక్షిణాన రోమన్ చట్టం, ఉత్తరాన ఏ ప్రాంతం ఆచారం ఆ ప్రాంతానిది, పెళ్ళిళ్ళు చర్చి చేతిలో, పెద్దింటివాళ్ళ హక్కులు మళ్ళీ వేరే. విప్లవం పాతవన్నీ కొట్టేసింది గానీ కొత్త కోడ్, అంటే చట్టాలన్నీ ఒకేచోట ఉండే పుస్తకం, రాయడం మొదలుపెట్టడం, మధ్యలో వదిలేయడం, ఇలాగే గడిపేసింది. నెపోలియన్ 1800లో నలుగురు లాయర్లని కూర్చోబెట్టాడు, ట్రోంషే, పోర్టలిస్, బిగో ద ప్రేమెన్యూ, మాల్విల్ అని. వాళ్ళ చిత్తుప్రతిని కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అనే ప్రభుత్వ సలహా మండలిలో వందకు పైగా సమావేశాలు పెట్టి చర్చించారు, వాటిలో దాదాపు సగానికి ఆయనే అధ్యక్షుడు. ఫిరంగుల లెక్కలు నేర్చుకున్న మనిషి, లా కాలేజీ గడప తొక్కనివాడు, దత్తతల మీదా విడాకుల మీదా తలపండిన లాయర్లతో కూర్చుని వాదించాడు! చివరికి 1804 మార్చి 21న 2,281 ఆర్టికల్స్‌తో సివిల్ కోడ్ వచ్చింది. పుట్టుకని బట్టి ఎవరికీ ప్రత్యేక హక్కులుండవు, ఆస్తికి రక్షణ ఉంటుంది, పెళ్ళి చెల్లాలంటే ప్రభుత్వ ఆఫీసులో నమోదు కావాలి, దేశమంతా ఒకటే పుస్తకం.

ఇందులో ఒక్క ఆర్టికల్ చెబుతాను, 745. తల్లిదండ్రుల ఆస్తి పిల్లలందరికీ సమానంగా పోవాలి, ఆడా మగా తేడా లేదు, పెద్దవాడికి ఎక్కువ చిన్నవాడికి తక్కువ అన్నది లేదు. ఇది 1804 నాటి మాట. మన రాష్ట్రంలో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఎప్పుడొచ్చింది? ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ ఆ తేదీకి పెళ్ళి కానివాళ్ళకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ మధ్య కాలంలో, పెళ్ళి సెప్టెంబరు 5కి ముందా తర్వాతా అని తేల్చడానికి రంగు వెలిసిన శుభలేఖలూ పెళ్ళి ఫోటోలూ సంచిలో వేసుకుని మా ఆఫీసుకి వచ్చిన ఆడవాళ్ళు నాకు ఇంకా గుర్తే. ఆగస్టులో పెళ్ళయిన అక్కకి వాటా లేదు, నవంబరులో అయిన చెల్లెలికి ఉంది.

అలాగని నెపోలియన్ ఆడవాళ్ళ పక్షం అనుకునేరు. అదే కోడ్‌లో 213 చూడండి, భర్త భార్యని కాపాడాలి, భార్య భర్త మాట వినాలి అని రాసిపెట్టారు. పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా కోర్టుకి పోకూడదు, తన ఆస్తి తను అమ్ముకోకూడదు. భార్య దారి తప్పిందంటే భర్తకి విడాకులిస్తారు. భర్త దారి తప్పితే మాత్రం, ఆ రెండో మనిషిని కాపురమున్న ఇంట్లోకే తెచ్చి పెట్టుకుంటే తప్ప భార్యకి విడాకులు లేవు. అంటే పుట్టింటి వాటా చేతికిచ్చినట్టే ఇచ్చి దాని తాళం మొగుడి మొలలో పెట్టాడు. ఫ్రాన్స్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు మొగుణ్ణి అడక్కుండా బ్యాంకు ఖాతా తెరవాలంటే 1965 దాకా ఆగాల్సొచ్చింది.

ఈ కోడ్ ఆయన ఓడిపోయినా చావలేదు. బెల్జియం, లక్సెంబర్గ్ అలాగే ఉంచుకున్నాయి. రైన్ నదికి పడమటి జర్మన్ ప్రాంతాల్లో 1900 దాకా నడిచింది. ఇటలీ 1865లో రాసుకున్న కోడ్ దీన్ని చూసి రాసుకున్నదే, అమెరికాలో లూసియానా, కెనడాలో క్యుబెక్, అటు ఈజిప్టు, అన్ని చోట్లా దీని పోలికలున్నాయి. నలభై యుద్ధాలు గెలిచిన పేరు వాటర్లూతో పోతుంది, నా సివిల్ కోడ్ మాత్రం పోదు అని ఆయనే చివర్లో బందీగా ఉన్న సెయింట్ హెలీనా దీవిలో అన్నట్టు వెంట ఉన్న మోంతొలాన్ రాశాడు.

రేపల్లె రైతుబిడ్డ:
ప్లీడరుగారూ కోడ్ గురించి బాగా చెప్పారు, కానీ ఆ 745 పక్కన 1802 సంగతి కూడా చెప్పాలి కదండీ. విప్లవ ప్రభుత్వం 1794లో ఫ్రాన్స్ వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దు చేసింది. ఈ మహానుభావుడు వచ్చి 1802లో దాన్ని మళ్ళీ చట్టం చేశాడు. స్వేచ్ఛ, సమానత్వం అని జెండా మీద రాసుకున్న దేశం, ఎనిమిదేళ్ళు స్వేచ్ఛగా బతికిన మనుషుల్ని మళ్ళీ చెరుకు తోటల్లోకి తోలింది. ఇప్పుడు హైతీ అంటున్నాం చూశారూ, అక్కడికి చెల్లెలి మొగుడు లెక్లెర్క్‌ని సైన్యమిచ్చి పంపాడు. అక్కడి నాయకుడు టూసెయింట్ లూవెర్చూర్‌ని మాట్లాడదాం రమ్మని పిలిచి, పట్టుకుని ఓడెక్కించారు. వెచ్చటి దీవిలో పుట్టిన ఆ మనిషి 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ కొండల్లో ఒక చలి కోటలో, కొట్లో పడి చచ్చిపోయాడు. అక్కడ దీవిలో ఎల్లో ఫీవర్‌కి ఫ్రెంచి సైనికులు వేలల్లో పోయారు, లెక్లెర్కూ దానికే పోయాడు, 1804 జనవరి 1న హైతీ స్వతంత్రం ప్రకటించుకుంది. అయినా వదిలారా? నెపోలియన్ పోయాక, 1825లో, ఫ్రాన్స్ రాజు యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు, మా తోటలూ మా బానిసలూ పోయాయి కాబట్టి నష్టపరిహారమట. బానిసగా ఉన్నవాడే డబ్బు కట్టాలి! తర్వాత 9 కోట్లకి తగ్గించార్లెండి, ఆ దేశం మాత్రం తరాల పాటు ఆ అప్పు కింద నలిగింది.

ఇంక 1812 రష్యా. ఆరు లక్షల మందిని నడిపించుకుపోయాడు, అందులో సగం మందికి పైగా ఫ్రెంచివాళ్ళే కాదు, పోలండువాళ్ళు, జర్మన్లు, ఇటలీవాళ్ళు, ఎవడి పొలం వాడు దున్నుకునే పిల్లలు. తిరిగొచ్చింది ఎంతమంది? లక్షకి కాస్త అటూ ఇటూ. చలికి పోయారని అందరూ అంటారు గానీ, చలి రాకముందే వేసవిలోనే టైఫస్సూ విరేచనాలూ ఆకలీ సగం సైన్యాన్ని తినేశాయి. అమ్మాయికి మంచోడా చెడ్డోడా అంటే నేనైతే తడుముకోకుండా చెబుతా.

పటమట నాన్న:
ఇద్దరికీ చాలా థాంక్సండీ, అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది. దాని డౌటు ఇంకోటి. చక్రవర్తిని చేయాలా వద్దా అని జనాన్ని ఓట్లడిగాడట కదా, మరి ప్రజాస్వామ్యం నాశనం ఎలా అవుతుంది అంటోంది. నా దగ్గర సమాధానం లేదు.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
అమ్మాయి మంచి పాయింటే పట్టుకుంది, మీ ట్యూషన్ మాస్టారికి చెప్పండి. ఓట్లు అడిగాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. ఎలా అడిగాడన్నదే సంగతి. 1799 నవంబరులో సైన్యం సాయంతో అధికారం లాక్కున్నాడు, కొత్త రాజ్యాంగం రాయించి 1800లో జనాన్ని ఒప్పుకుంటారా అని అడిగాడు. అప్పటికే ఆ రాజ్యాంగం అమల్లో ఉంది, ఓటు తర్వాత! రహస్య ఓటు కూడా కాదు, రిజిస్టర్లో పేరు రాసి, అవును అనో కాదు అనో రాయాలి. పోలీసు రాజ్యంలో కాదు అని రాసి కింద సంతకం పెట్టే మొనగాడెవడు? ప్రకటించిన లెక్క 30 లక్షల పైచిలుకు అవును, కాదు 1,562. తర్వాత చరిత్రకారులు పాత కాగితాలు తిరగేస్తే అసలు అవును అన్నది 15 లక్షల దాకానే. మిగతాది హోంమంత్రి ఆఫీసులో కలిపేశారు. ఆ హోంమంత్రి ఎవరనుకున్నారు, సొంత తమ్ముడు లూసియన్. మన దగ్గర దొంగ ఓట్లు బూతుల్లో వేస్తారు, వాళ్ళు అంత శ్రమ కూడా పడలేదు.

పత్రికల సంగతీ అంతే. 1800 జనవరిలో పారిస్‌లో 73 రాజకీయ పత్రికలుంటే ఒక్క ఉత్తర్వుతో 13 చేశాడు, 1811కి నాలుగే మిగిలాయి, నాలుగూ ఆయన పాటే పాడేవి. కాబట్టి అమ్మా, ఓటుంటే చాలదు, కాదు అనే వీలూ, కాదన్నవాళ్ళ మాట అచ్చయ్యే వీలూ ఉండాలి. ఇది రాస్తే ఏ ఎగ్జామినరూ మార్కులు తగ్గించడు.

పరిపాలన గురించి రాయాల్సొస్తే ప్రిఫెక్టుల పేరు తప్పకుండా రాయమనండి. 1800 ఫిబ్రవరిలో పెట్టాడు. జిల్లాకొకడు, పారిస్ నుంచి నియమిస్తారు, పారిస్‌కే జవాబుదారీ, పన్నులూ సైన్యానికి కుర్రాళ్ళనీ లెక్క తప్పకుండా పంపాలి, మన కలెక్టరు లాంటివాడే అనుకోండి. ఆ వ్యవస్థ ఫ్రాన్స్‌లో ఇవాళ్టికీ ఉంది. అదే ఏడాది బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్, 1802లో లిసే అనే ప్రభుత్వ హైస్కూళ్ళు, 1803లో కొత్త ఫ్రాంకు. విప్లవ కాలంలో కాగితపు డబ్బు చిత్తుకాగితమైపోయి జనం విసిగిపోయి ఉన్నారు, ఈ వెండి ఫ్రాంకు మాత్రం 1914 దాకా నిలబడింది. కిరాణా కొట్టువాడికీ రైతుకీ ఇదే ముఖ్యం, అందుకే అంతమంది ఆయన్ని భరించారని నా అభిప్రాయం.

పొట్టివాడని రాయనివ్వకండి. పాత ఫ్రెంచి కొలతలో ఐదడుగుల రెండంగుళాలు, వాళ్ళ అడుగు పెద్దది, ఇప్పటి లెక్కలో 168 సెంటీమీటర్ల పైన, ఆ కాలానికి మామూలు ఎత్తే. మరుగుజ్జులా గీసి నవ్వించింది లండన్‌లో గిల్‌రే అనే కార్టూనిస్టు.

పాత పుస్తకాల పిచ్చి:
టిప్పు ఉత్తరం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను అందుకుంటున్నాను, కొంచెం పెద్దదవుతుంది, క్షమించాలి. ఏలూరు రోడ్డు కొట్లలో పాత జిల్లా గెజిటీర్లు దొరికితే వదలని జబ్బు నాది.

ఉత్తరం నిజమే. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద దిగాడు. ఇంగ్లండు మీదకి నేరుగా పోలేడు కాబట్టి వాళ్ళ ఇండియా దారి మీద కూర్చుందామని. 1799 జనవరిలో కైరో నుంచి టిప్పుకి రాశాడు, ఎర్ర సముద్రం ఒడ్డు దాకా పెద్ద సైన్యంతో వచ్చాను, మిమ్మల్ని ఇంగ్లీషువాళ్ళ పీడ నుంచి విడిపిస్తాను, మీ పరిస్థితి చెప్పడానికి నమ్మకస్తుణ్ణి పంపండి అని. ఆ ఉత్తరం టిప్పుకి చేరలేదు, అరేబియా ఒడ్డున జెడ్డాలో ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది. చేరినా ఒరిగేదేమీ లేదు, అంతకు ముందు ఆగస్టులోనే నైలు నది ముఖద్వారం దగ్గర నెల్సన్ ఫ్రెంచి ఓడల్ని తగలబెట్టేశాడు, ఓడలు లేనివాడు ఇండియా ఎలా వస్తాడు? మే 4న శ్రీరంగపట్నం పడింది, టిప్పు పోయాడు.

నెపోలియన్ మన నేల మీద కాలు పెట్టలేదు. కాలు పెడతాడేమో అన్న భయం చాలు, మన తెలుగువాళ్ళ మ్యాపు మారిపోయింది. 1798లో గవర్నర్ జనరల్‌గా దిగిన రిచర్డ్ వెల్లెస్లీకి ఈ ఫ్రెంచి భూతం నిద్రలో కూడా కనపడేది. (నిజంగా భయమా, సాకా అంటే, నా లెక్కలో రెండూ, మనిషి గట్టివాడు.) హైదరాబాదులో నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచివాడు తయారుచేసిన దాదాపు 14 వేల మంది సిపాయిల దళం ఉండేది, రేమండ్ ఆ మార్చిలోనే చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం చేత సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టించి, అక్టోబరులో ఆ దళాన్ని ఒక్కరోజులో ఆయుధాలు దింపించారు. ఇక నిజాం కాపలాకి ఈస్టిండియా కంపెనీ సైన్యం, దాని ఖర్చు నిజాంది. రెండేళ్ళకే ఆ ఖర్చు కింద, టిప్పు నుంచి తన వాటాకి వచ్చిన జిల్లాలు కంపెనీకి రాసిచ్చేశాడు. అవే బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. దత్త మండలాలు అని మనం చదువుకున్నది ఇదే, మన్రో దొర కలెక్టరుగా వచ్చింది, శిస్తు నేరుగా రైతు దగ్గరే వసూలు చేసే రైతువారీ పద్ధతి పెట్టింది ఆ నేలలోనే. మన గుంటూరు అప్పటికే, 1788లోనే, కంపెనీ చేతికి పోయింది. రాయలసీమ కథలో మాత్రం కైరోలో కూర్చున్న నెపోలియన్‌కి ఒక మూల చోటుంది.

ఇంకొకటి. శ్రీరంగపట్నం దండయాత్రలో వెల్లెస్లీగారి తమ్ముడు ఆర్థర్ కూడా ఉన్నాడు. 1803లో అసాయీ దగ్గర మరాఠాల మీద గెలిచి మన దక్కనులోనే చెయ్యి తిప్పుకుని వెళ్ళాడు. 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ని ఆపిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఆయనే, సాయంత్రానికి ప్రష్యా సైన్యం వచ్చి ఆదుకుందనుకోండి. ఓడినాయన్ని ఉంచిన సెయింట్ హెలీనా దీవి ఎవరిది? ఈస్టిండియా కంపెనీది! మన గుంటూరు రైతు దగ్గర శిస్తు గుంజిన కంపెనీ దీవిలోనే 1821 మే 5న పోయాడు.

యానాం అల్లుడు:
ఇంత చర్చలో యానాం పేరు ఎవరూ ఎత్తలేదు, మా అత్తవారి ఊరు కాబట్టి నాకు బాధ్యత ఉంది. ఆ యుద్ధాల కాలంలో చాలావరకు యానాం ఇంగ్లీషువాళ్ళ చేతిలోనే ఉంది, ఆయన ఓడిపోయాకే ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్‌కి తిరిగొచ్చింది. కానీ ప్లీడరుగారు చెప్పిన కోడ్ మాత్రం వచ్చి కూర్చుంది. 1881లో ఒక ఉత్తర్వు తెచ్చారు, ఫ్రెంచి ఇండియాలో ఎవరైనా తమ కుల మత ఆచార చట్టం వదులుకుంటున్నామని రాసిస్తే, పెళ్ళికీ వారసత్వానికీ ఫ్రెంచి సివిల్ కోడ్ వర్తిస్తుంది. అలా రాసిచ్చినవాళ్ళని రెనోన్సాన్లు అంటారు. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు, ఆ సంగతి మాత్రం అలాగే ఉంది. హిందూ వివాహ చట్టం పుదుచ్చేరి రెనోన్సాన్లకి వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంటుంది. బందరులో కూడా ఫ్రెంచివాళ్ళకి చిన్న జాగా ఉండేది, 1947లో మనకి అప్పగించారు.

బ్రాడీపేట ప్లీడరు:
యానాం అల్లుడుగారు చెప్పింది కరెక్టే, అక్కడి వారసత్వ కేసు వస్తే ముందు అడగాల్సింది తాతగారు రాసిచ్చారా లేదా అన్నదే. రైతుబిడ్డగారూ, మీ మాటతో నాకు పేచీ లేదు. ఆయన్ని పొగడమని నేనట్లేదు, ఆయన రాయించింది మిగిలిందంటున్నా.

రేపల్లె రైతుబిడ్డ:
మిగిలిందనే నా బాధ కూడా సార్. హైతీ అప్పు కూడా మిగిలింది.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
ఒకటి మర్చిపోకుండా చెప్పాలి, మ్యాపు పాయింటింగ్‌లోనూ బిట్లలోనూ పిల్లలు తికమకపడతారు. నెపోలియన్ అంటే ఇద్దరు చక్రవర్తులు. రెండో చక్రవర్తి ఈయన తమ్ముడి కొడుకు, పేరు మాత్రం మూడో నెపోలియన్. 1848లో జనం ఆ పేరు చూసే ప్రెసిడెంటుగా గెలిపించారు, 1852లో ఈయనా చక్రవర్తినన్నాడు, 1870లో సెడాన్ దగ్గర ప్రష్యాకి పట్టుబడ్డాడు. బిస్మార్క్ పాఠంలో వచ్చేది ఈయన. కలిపేస్తే మార్కులు గోవిందా.

కృష్ణలంక కుర్రాడు:
ఆలస్యంగా వచ్చాను, అన్నీ అయిపోయాయి, నాకొక్కటే మిగిలింది. పారిస్‌లో ఇళ్ళకి ఇప్పుడున్న నంబర్ల పద్ధతి 1805లో ఆయన హయాంలోదే. సీన్ నదికి అడ్డంగా పోయే వీధుల్లో నది దగ్గర ఒకటితో మొదలు, నదితో పాటు సాగే వీధుల్లో ప్రవాహం ఎటుపోతే నంబర్లు అటు పెరుగుతాయి, ఒక పక్క బేసి, ఒక పక్క సరి. డెలివరీ పని చేసేవాణ్ణి, కృష్ణ ఒడ్డునే ఉంటాం, మా పేటలో ఒక డోర్ నంబరు పక్కన దాని తర్వాతి నంబరు ఉండటం నేనింతవరకు చూడలేదు. టిప్పుకి రాసినాయన మన మున్సిపాలిటీకి కూడా ఒక ఉత్తరం రాసి ఉంటే బాగుండేది.

పటమట నాన్న:
అందరికీ పేరుపేరునా థాంక్సండీ. అమ్మాయి 745, 213 రెండూ నోట్సులో పక్కపక్కన రాసుకుంది, హైతీ సంగతి రేపు క్లాసులో టీచర్ని అడుగుతానంటోంది. ప్లీడరుగారూ, ఒక చిన్న విషయం, మా అక్క పెళ్ళి 1984లో అయింది, ఇంటి దస్తావేజుల గురించి మీకు విడిగా మెసేజ్ పెట్టొచ్చా?